అంతరిక్షం వ్యాపారానికి నేర్పిందేమైనా ఉందా? రొయ్యల ప్లాంటు నుంచి ఒక జవాబు

"రాకెట్లు ఎగరేస్తే కంపెనీల్లో కొత్త ఆలోచనలు పుడతాయా, లేక ఇదంతా సెమినార్ కబుర్లా?" అని అడిగారు. కబుర్లు బాగానే ఉన్నాయి లెండి. పెనాలకి పూసే టెఫ్లాన్ నాసా పుణ్యమేనని ఇప్పటికీ చెప్తుంటారు, అది 1938 నాటిది! కానీ నేను భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్యూసీ (నాణ్యత తనిఖీ) చూస్తాను. మేం రోజూ పాటించే హాసప్ (HACCP) అనే ఆహార భద్రత పద్ధతి మాత్రం అచ్చంగా అంతరిక్షం పనిలోంచి పుట్టిందే.

1960ల్లో వ్యోమగాముల తిండి కోసం నాసా, అమెరికా సైన్యపు నాటిక్ ల్యాబ్‌తో కలిసి పిల్స్‌బరీ అనే పిండి కంపెనీ పనిచేసింది. పైన ఎవరికైనా వాంతులు పట్టుకుంటే దిక్కెవరు? తయారైన సరుకులోంచి శాంపిల్స్ తీసి పరీక్షిద్దామంటే, పూర్తి భరోసా వచ్చేసరికి సరుకులో చాలా భాగం పరీక్షలకే పోతుంది. అందుకని పిల్స్‌బరీలోని హోవార్డ్ బౌమన్ బృందం దారి మార్చింది. ఏ దశలో ఏం చెడొచ్చో ముందే రాసుకుని, అక్కడే ఆపడం మొదలెట్టింది. 1971లో ఈ పద్ధతి బయటి పరిశ్రమకి తెలిసింది. 1997 డిసెంబరు నుంచి అమెరికాలో సీఫుడ్‌కి తప్పనిసరి, అక్కడికి పంపే మనకీ అంతే.

హాసప్ కోసం రికార్డులు రాసుకుంటూ కూర్చుంటే కొత్త ఆలోచనలేం వస్తాయంటారు. నేనైతే ఒప్పుకోను. ఉడికించిన రొయ్య లైను పెట్టేటప్పుడు హాసప్ టీములో మెకానిక్కుని కూడా కూర్చోబెట్టాం. లేఅవుట్‌లో మెటల్ డిటెక్టర్ ఫ్రీజర్‌కి ముందుంది. "ఫ్రీజర్ బెల్టు తీగ తెగితే ఆ ముక్క ఎక్కడికి పోద్ది సార్?" అన్నాడు. కన్సల్టెంటుకి తట్టని మాట! డిటెక్టర్‌ని ప్యాకింగ్ తర్వాతకి జరిపాం. గంటగంటకీ ఇనుము, స్టీలు టెస్ట్ పీసులు దాంట్లోంచి పంపిస్తాం. ఒక్కటి పట్టుకోకపోయినా, కిందటి చెక్ నుంచి వెళ్లిన బాక్సులన్నీ మళ్లీ వెనక్కే. షిఫ్టు దిగేముందు గంటల కాలమ్స్ అన్నీ ఒకేసారి నింపేసే చోట మాత్రం ఇదంతా ఉత్త కాగితమే.

ఇంకా పెద్ద మార్పు ప్లాంటు బయట వచ్చింది. రొయ్యలోకి చేరిన యాంటీబయాటిక్‌ని మేం కడిగీ ఉడికించీ తీసేయలేం. కాబట్టి ఆపాల్సిన చోటు చెరువే. పట్టుబడికి ముందే శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపిస్తాం, రిపోర్టు బాగుంటేనే లోడు ఎత్తేది. మొదట్లో రైతులు "మామీద అనుమానమా?" అని గొడవపడేవాళ్లు. ఇప్పుడు రేటు మాట్లాడేముందే రిపోర్టు చేతిలో పెట్టుకుని వస్తున్నారు.