స్పాన్సర్ డబ్బు తీసుకుంటే నాటకం మన చేతుల్లోనే ఉంటుందా?

మీరు రెండు విషయాలు అడిగారు. రెండేళ్లుగా కంపెనీలకు మెయిళ్లు పెడుతున్నా మీ చిన్న నాటక బృందానికి ఒక్క స్పాన్సర్ కూడా దొరకలేదు, ఏం చేయాలని ఒకటి. దొరికినా వాళ్లు చెప్పినట్టల్లా నాటకం మార్చాల్సి వస్తుందేమోనన్న భయం రెండోది. నేను పన్నెండేళ్లుగా ఒక నాటక బృందానికి నిర్వహణ పనులు చూస్తున్నాను. స్టేజీ ఎక్కను. హాలు మాట్లాడటం, లైట్లవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వడం, డబ్బు తేవడం నా పని. మీరడిగిన ఈ రెండు విషయాల్లోనూ నేను దెబ్బలు తిన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మెయిళ్ల సంగతి. మేమూ మొదట్లో అదే చేశాం. "కళలను ఆదరించండి, నాటకాన్ని బతికించండి" అని ఒకే ఉత్తరం యాభై కంపెనీలకు పంపేవాళ్లం. జవాబు వచ్చేది కాదు. ఒకసారి తెలిసినవాళ్ల ద్వారా ఒక పెయింట్ల కంపెనీ మార్కెటింగ్ మేనేజర్‌ని కలిశాను. ఆయన అంతా ఓపిగ్గా విని, "మీ నాటకాలకు వచ్చేవాళ్లెవరండీ?" అని అడిగారు. నాటకమంటే ఇష్టమున్నవాళ్లు అన్నాను. "అది సరే, ఎంతమంది వస్తారు? ఏ వయసువాళ్లు? ఒక్కళ్లే వస్తారా, ఇంట్లోవాళ్లతో వస్తారా? పోయినసారి వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారా?" నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. ఏళ్ల తరబడి నాటకాలు వేస్తున్నాం, ఎదురుగా కూర్చున్నవాళ్లెవరో మాకే తెలియదు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా ఆ ప్రశ్నలే బుర్రలో తిరిగాయి.

తర్వాతి ప్రదర్శన నుంచి గేటు దగ్గర చిన్న కార్డు, పెన్సిలు ఇవ్వడం మొదలుపెట్టాం. పేరు అక్కర్లేదు. వయసు ఏ వరుసలోకి వస్తుంది, ఎవరితో వచ్చారు, మా నాటకం చూడటం ఎన్నోసారి, ఎలా తెలిసింది. అంతే. ఇంటర్వెల్‌లో ఇద్దరు కుర్రాళ్లు తిరిగి ఆ కార్డులు పోగుచేసేవారు. నాలుగు ప్రదర్శనల కార్డులు లెక్కపెట్టేసరికి మేం అనుకున్నదంతా తారుమారైంది. మాకు వచ్చేది ఎక్కువగా పెద్ద వయసువాళ్లేనని అందరం నమ్మేవాళ్లం. తీరా చూస్తే సగానికి పైగా పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్న తల్లిదండ్రులు. ఆ లెక్క చేతికొచ్చాక ఎవర్ని అడగాలో దానంతటదే తేలిపోయింది. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థ దగ్గరికి వెళ్లాం. మా మొదటి స్పాన్సర్ వాళ్లే.

కంపెనీకి తనదంటూ ఒక కారణం ఉండాలి. మన మీద జాలితో ఇచ్చినవాళ్లు ఒకసారి ఇచ్చి ఊరుకుంటారు. 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తన కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు చొప్పున న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమ మరమ్మతులకు ఇస్తామని ప్రకటించింది. దాంతో 17 లక్షల డాలర్లు సమకూరాయి, వాళ్ల కార్డుల వాడకమూ పెరిగింది. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదని నా అభిప్రాయం. వాళ్లకు కావాల్సింది వాళ్లు దాచకుండా చెప్పారు, ప్రతిమకు మరమ్మతు జరిగింది.

ఇంకో సంగతి, కంపెనీ అంటే ఒకే తలుపు కాదు. విరాళం ఇచ్చే విభాగం వేరు, స్పాన్సర్‌షిప్ ఇచ్చే విభాగం వేరు. విరాళం ఇచ్చేవాళ్లు సమాజానికి ఏం మేలు జరుగుతుందని అడుగుతారు. మార్కెటింగ్‌వాళ్లు మా పేరు ఎవరు చూస్తారని అడుగుతారు. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరికి పనికిరాదు. చట్టాలు కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తాయి. ఫ్రాన్స్‌లో 2003 చట్టం వచ్చాక కళలకు విరాళమిచ్చిన కంపెనీకి అందులో 60 శాతం దాకా పన్ను తగ్గింపు దొరుకుతోంది, కానీ బదులుగా ఆ కంపెనీ పొందే ప్రయోజనం పరిమితంగానే ఉండాలి. మన దగ్గర 2013 కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చు జాబితాలో కళలు, సంస్కృతి ఉన్నాయి. అయితే సరుకుల ప్రచారం కోసం ఇచ్చిన స్పాన్సర్‌షిప్ ఆ లెక్కలోకి రాదు. అందుకే ఒకే ఉత్తరంలో "మీ లోగో పెద్దగా వేస్తాం, ఇది సమాజ సేవ కూడా" అని రాస్తే రెండు తలుపులూ మూసుకుంటాయి. మూడో తలుపు హెచ్‌ఆర్ విభాగం. ఉద్యోగులకు టికెట్లు, వాళ్ల పిల్లలకు సెలవుల్లో నటన శిక్షణ లాంటివి చెబితే శ్రద్ధగా వింటారు. మాకు అందరికంటే బాగా పలికింది వాళ్లే.

డబ్బే అడగాలని కూడా లేదు. సాయంత్రం ఆరు దాటితే ఖాళీగా ఉండే ఒక ఆఫీసు హాలు మాకు రెండేళ్లు రిహార్సల్స్‌కి దొరికింది. అదే కంపెనీలో పనిచేసే ఒక అకౌంటెంట్ ఆదివారాలు వచ్చి మా లెక్కలు దారిలో పెట్టారు. ఆ లెక్కలు చూపించాకే మిగతా కంపెనీలు మమ్మల్ని నమ్మడం మొదలుపెట్టాయి. చెక్కు కంటే ఆ సాయం గొప్పదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక మీ రెండో ప్రశ్న. ఇది రాయడం నాకు కష్టమే.

మా ఐదో ఏడు, మూడు రోజుల నాటకోత్సవానికి ఒక నిర్మాణ సంస్థ దాదాపు సగం ఖర్చు ఇస్తామంది. అంతా నోటిమాటే. సంతోషంలో కాగితం గురించి ఎవరం ఆలోచించలేదు. ప్రదర్శన వారం ఉందనగా వాళ్ల మనిషి వచ్చి మూడు కోరికలు చెప్పారు. స్టేజీ వెనక గోడకు, నటుల వెనకాల కనిపించేలా వాళ్ల ఫ్లెక్సీ కట్టాలి. రెండో సీనుకీ మూడో సీనుకీ మధ్య వాళ్ల ఎండీ గారు మాట్లాడాలి. అద్దెకున్న ముసలి దంపతుల్ని ఒక బిల్డర్ ఇల్లు ఖాళీ చేయించే సీనులో బిల్డర్ బదులు వడ్డీ వ్యాపారిని పెట్టాలి. అప్పటికే హాలుకు అడ్వాన్స్ కట్టేశాం, టికెట్లు అమ్మేశాం. బతిమాలి ఫ్లెక్సీని పక్కకి జరిపించాను, ఉపన్యాసాన్ని నాటకానికి ముందుకి మార్పించాను. సీను మాత్రం మార్చాం. దర్శకుణ్ణి ఒప్పించింది నేనే. ఆ ముసలావిడ పాత్ర వేసిన నటి రిహార్సల్‌లో "ఇప్పుడు నేను ఎవరి మీద కోపంగా ఉండాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ప్రదర్శన రోజు ఆ సీనులో చప్పట్లు పడలేదు. ఆ పాపం నాదే.

కానీ ఒకటి గమనించండి. వాళ్లు అడగడం కంటే, కాదనలేని స్థితిలో మేం ఉండటం పెద్ద తప్పు. స్పాన్సర్ అంటేనే స్వేచ్ఛ పోవడం అనుకోనక్కర్లేదు. 1969లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో హరాల్డ్ జేమన్ తాను నడిపే కళాశాలలో (ఆర్ట్ గ్యాలరీలో) పెట్టిన కొత్త తరహా కళాప్రదర్శనకు డబ్బిచ్చింది ఫిలిప్ మోరిస్ అనే పొగాకు కంపెనీ. ఎవరూ చూడని రకం కళాకృతులు చేయడానికి ఆ డబ్బు వీలు కల్పించింది. దాని మీద గొడవ చేసింది కంపెనీ కాదు, స్థానికంగా ఉన్నవాళ్లు, అధికారులు. చివరికి జేమన్ ఆ గ్యాలరీ నుంచి తప్పుకున్నారు. ఒత్తిడి ఎటునుంచైనా రావచ్చు. అది వచ్చే లోపే గీత ఎక్కడ గీసుకున్నామన్నది ముఖ్యం.

ఆ ఉత్సవం తర్వాత మేం ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. ఎవరు డబ్బిచ్చినా ముందు దాని మీద సంతకం. లోగో టికెట్ మీద, పోస్టర్ మీద, హాలు ముందు ఉంటుంది. తెర లేచాక కనిపించే చోట ఎక్కడా ఉండదు. మాట్లాడాలంటే తెర లేవకముందు ఐదు నిమిషాలు. సగం డబ్బు సంతకం రోజునే. స్క్రిప్టు ఎవరి ఆమోదానికీ పంపం. అయితే కథ మాత్రం ఏదీ దాచకుండా ముందే చెబుతాం, "ఇందులో ఇలాంటి సీను ఉంది, మీకు ఇబ్బంది అనిపిస్తే ఇప్పుడే చెప్పండి" అని. ఈ మాట వల్ల ఒక స్పాన్సర్ వెళ్లిపోయారు కూడా. ముందే వెళ్లారు కాబట్టి మాకు నష్టం రాలేదు, వాళ్లతో స్నేహమూ చెడలేదు. పోయిన ఏడాది ఆ పాత నాటకమే మళ్లీ వేశాం. బిల్డర్ బిల్డర్‌గానే ఉన్నాడు. ఆ నటే ఆ పాత్ర వేసింది.

ఎవరి డబ్బు తీసుకోకూడదన్నది కూడా ముందే కూర్చుని రాసుకోండి. ఎదురుగా చెక్కు ఉన్నప్పుడు ఆ చర్చ తిన్నగా సాగదు. పెద్ద సంస్థలకే ఇది తేలలేదు. మత్తుమందు నొప్పి మాత్రలు అమ్మిన పర్‌డ్యూ ఫార్మా కంపెనీతో ముడిపడిన, తమకు విరాళాలిచ్చిన సాక్లర్ కుటుంబం పేరును పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2019లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2021లో తమ గోడల మీంచి తీసేశాయి. లండన్‌లోని టేట్ గ్యాలరీలకు 26 ఏళ్లు స్పాన్సర్‌గా ఉన్న బీపీ చమురు కంపెనీ, ఏళ్ల తరబడి నిరసనలు నడిచాక, 2017లో తప్పుకుంది. ఆ గొడవలో బయటపడిన ఒక లెక్క నాకు బాగా గుర్తుండిపోయింది. 1990 నుంచి 2006 వరకు 17 ఏళ్లలో బీపీ ఇచ్చింది మొత్తం 38 లక్షల పౌండ్లు, ఏడాదికి సగటున 2,24,000. ప్రపంచమంతా తెలిసిన గ్యాలరీ పేరు పక్కన తన పేరు వేయించుకోవడానికి ఒక చమురు కంపెనీకి అది చాలా చిన్న మొత్తం. మన పేరుకు ఉన్న విలువ మనకే సరిగ్గా తెలియదు. కాబట్టి అడిగేటప్పుడు మరీ తగ్గి అడగకండి.

ఒక్కరి మీదే ఆధారపడటం గురించి కూడా చెప్పాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా అనే సంగీత నాటక సంస్థ శనివారం రేడియో ప్రసారాలకు టెక్సాకో చమురు కంపెనీ 1940 నుంచి 2004 దాకా స్పాన్సర్. అన్ని దశాబ్దాల బంధం కూడా కంపెనీ ఆలోచన మారగానే ఆగిపోయింది, ఒపెరావాళ్లు కొత్తగా డబ్బు వెతుక్కోవాల్సి వచ్చింది. మాకు నాలుగేళ్లు అండగా ఉన్న ఒక కంపెనీలో మేనేజర్ బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చినాయన ప్రదర్శనకు మూడు వారాల ముందు ఫోన్ చేసి ఈ ఏడు కుదరదన్నారు. ఆ మూడు వారాల టెన్షన్ ఇప్పుడు తల్చుకున్నా గుండె దడగానే ఉంటుంది. ఇప్పుడు ఏ ఒక్క స్పాన్సర్ వాటా బడ్జెట్‌లో మూడో వంతు దాటనివ్వం, మిగతాది టికెట్లు, చిన్న చందాలు. వీలైతే ఒక ఏడాదికి కాకుండా మూడేళ్లకు అడగండి. టేట్ మోడర్న్ పెద్ద హాలులో 2000 నుంచి 2012 వరకు ఏటా ఒక కళాకారుడి భారీ కళాకృతి పెట్టగలిగారంటే, యూనిలీవర్ అన్నేళ్లూ వరసగా వెంట ఉండటం వల్లే.

చాలా బృందాలు చెక్కు చేతికొచ్చాక మళ్లీ కనిపించవు. మేమూ అంతే ఉండేవాళ్లం. ఇప్పుడు ప్రదర్శన అయిన పది రోజుల్లో ఫొటోలు, కార్డుల లెక్క, ఖర్చు ఎక్కడెక్కడ పెట్టామో ఒక పేజీ, నటుల్లో ఎవరో ఒకరు చేత్తో రాసిన ఉత్తరం పట్టుకుని నేనే స్వయంగా వెళ్తాను. ఒక కంపెనీ ఆఫీసులో ఆ ఉత్తరం ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టారు. వచ్చే ఏడాది సంగతి ఆ రోజు వాళ్లే ఎత్తారు.

మీ వచ్చే ప్రదర్శన ఎప్పుడో రాయలేదు. రెండు నెలలకు పైగా టైం ఉంటే ఇప్పుడే స్పాన్సర్ కోసం తిరగొద్దు. ముందు ఆ కార్డుల పని మొదలుపెట్టండి. మా కార్డులో ఉన్న ప్రశ్నలు, ఒప్పందంలోని వాక్యాలు కావాలంటే అడగండి, ఈ జవాబు కిందే టైప్ చేసి పెడతాను.