తొమ్మిదో శతాబ్దంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని సెప్టిమేనియాను ఏలిన ప్రభువు బెర్నార్డ్ వంశవృక్షాలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవు? దేన్ని పట్టుకుని సరిచూసుకోవాలి?

వంశవృక్షం గీయడంతో మొదలుపెట్టకండి. ముందు తేదీల పట్టీ ఒకటి రాసుకోండి, గీతలు తర్వాత. తొమ్మిదో శతాబ్దపు ఫ్రాంకుల (నేటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాలను ఏలిన జాతి) ప్రభువులకు ఇంటిపేర్లు లేవు. ఉన్న రెండు మూడు పేర్లే తరతరానా తిరుగుతుంటాయి. తాత పేరు మనవడికి పెట్టడం మనకూ అలవాటే కాబట్టి వింతేమీ కాదు గానీ, ఇంటిపేరు తోడు లేని చోట అదే కొంప ముంచుతుంది. బెర్నార్డ్ తండ్రి విలియం, 804లో గెల్లోన్ మఠం కట్టించి, 806లో తనే అక్కడ సన్యాసిగా చేరినవాడు. బెర్నార్డ్ పెద్దకొడుకూ విలియమే. 910లో క్లూనీ మఠం స్థాపించిన విలియం కూడా ఈ వంశంవాడేనని, బెర్నార్డ్‌కు మనవడని చాలామంది చరిత్రకారుల లెక్క. ముగ్గురు విలియంలను కలిపేసిన పటాలు బోలెడు.

తేదీలకు అన్నిటికన్నా గట్టి ఆధారం బెర్నార్డ్ భార్య డువోడా. కొడుకు విలియం కోసం ఆమె లాటిన్‌లో ఒక హితబోధ రాసింది. 841 నవంబర్ 30న మొదలుపెట్టి 843 ఫిబ్రవరి 2న ముగించానని తనే చెప్పింది. పెళ్లి ఆకెన్ రాజభవనంలో జరిగిందనీ, ఫ్రాంకుల చక్రవర్తి లూయీ పాలనలో పదకొండో ఏడు, జూలై కలెండ్స్‌కు మూడో రోజు అనీ రాసింది. తప్పులు పుట్టేది సరిగ్గా ఇక్కడే. కలెండ్స్ అంటే నెల మొదటి రోజు. రోమన్ లెక్క వెనక్కి నడుస్తుంది, ఆ మొదటి రోజును కూడా కలుపుకుంటుంది. జూలై 1 ఒకటి, జూన్ 30 రెండు, జూన్ 29 మూడు. ఉత్త తీసివేత చేస్తే జూన్ 28 వస్తుంది, అది తప్పు. ఏడు సంగతీ అంతే: లూయీ పాలన 814 జనవరి చివర్లో మొదలైంది గనుక 814ను ఒకటిగా లెక్కిస్తే పదకొండోది 824. నేరుగా పదకొండు కూడి 825 అని వేసినవాళ్ళున్నారు. ఇదే పద్ధతిలో పెద్దకొడుకు విలియం పుట్టింది 826 నవంబర్ 29, రెండోవాడు 841 మార్చి 22, దక్షిణ ఫ్రాన్స్ పట్టణం ఉజేస్‌లో.

బెర్నార్డ్ ఉద్యోగ జీవితం చప్పున తేలిపోతుంది. 827లో తిరుగుబాటుదారుల నుంచి, వాళ్ళకు తోడొచ్చిన కొర్దోవా (స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యం) సైన్యం నుంచి బార్సిలోనాను కాపాడాడు. 829లో చక్రవర్తికి ఛాంబర్లిన్, అంటే రాజగృహాన్నీ ఖజానానూ చూసే అధికారి అయ్యాడు. మరుసటి ఏడే మహారాణి జూడిత్‌తో అక్రమ సంబంధం అంటగట్టారు. ఆ మాట అన్నవాళ్ళు చక్రవర్తి మీద తిరగబడిన పక్షంవాళ్ళని మరిచిపోవద్దు. 831లో ద్వంద్వయుద్ధంతో నిజం తేల్చుకుంటానని బెర్నార్డ్ సభకొచ్చి నిలబడితే ఎదిరించడానికి ఎవరూ రాలేదు. ప్రమాణం చేసి బయటపడ్డాడు. ఆరోపణను రుజువైన నేరంగా రాసే వ్యాసాలు ఈ ముక్క వదిలేస్తాయి.

మూల్యం చెల్లించింది బెర్నార్డ్ తోబుట్టువులు. 830లో సోదరుడు హెరిబెర్ట్ కళ్ళు పీకించారు. 834లో షాలోన్ పట్టణం పడినప్పుడు మరో సోదరుడు గాసెల్మ్ తల నరికించి, సన్యాసిని అయిన చెల్లెలు గెర్బెర్గాను మంత్రగత్తె అని పీపాలో పెట్టి సోన్ నదిలో ముంచేశాడు చక్రవర్తి పెద్దకొడుకు లోథార్.

841 జూన్ 25న ఫాంట్‌నోయ్ యుద్ధం, లూయీ పోయాక అతని కొడుకులు లోథార్, చార్లెస్ పక్షాల మధ్య. బెర్నార్డ్ సుమారు మూడు లీగుల దూరంలో ఆగి ఏ పక్షానికీ సాయం చేయలేదని ఆ కాలపు చరిత్రకారుడు నితార్డ్ రాశాడు. గెలుపు ఎటో తేలాక కొడుకును చార్లెస్ దగ్గరికి పంపాడు, బర్గండీలోని భూములు ఇస్తే విధేయుడిగా ఉంటాడన్న షరతుతో. అప్పటికి విలియంకు పద్నాలుగేళ్ళు.  తండ్రిని 844లో, కొడుకును 850లో చార్లెస్ పక్షమే చంపింది.

కుటుంబ జీవితం తెలియాలంటే డువోడా చేసిన అప్పుల ప్రస్తావన చదవండి. బెర్నార్డ్ సరిహద్దు పాలనకు డబ్బు చాలక, క్రైస్తవుల దగ్గరా యూదుల దగ్గరా అప్పు చేశాననీ, తీర్చకుండా తను పోతే కొడుకు తీర్చాలనీ రాసింది. పెద్ద హోదా ఉన్నవాడి ఇల్లు ఎలా నడిచిందో ఇంతకన్నా సూటిగా చెప్పే ఆధారం అరుదు. భర్త తరఫున చనిపోయిన బంధువుల పేర్ల జాబితా కూడా ఇచ్చింది, ప్రార్థించడానికి. అందులో ఎవరు ఎవరికేమవుతారో చాలా పేర్లకు చెప్పదు. వరుస చూసి భార్యాభర్తలనో తల్లీకొడుకులనో గీతలు గీసేయకండి. చుక్కల గీతతో సరిపెట్టండి.

చివరిగా రెండో కొడుకు. బాప్తిస్మం కూడా కాకముందే తండ్రి ఆ పసివాణ్ణి ఉజేస్ బిషప్ ఎలెఫాంటస్ చేత తన దగ్గరికి తెప్పించుకున్నాడు. వాడి పేరేమిటో ఇంకా తెలియదని తల్లి రాసింది. ‘బెర్నార్డ్’ అన్న పేరు దొరికేది 864 నాటి సెయింట్ బెర్తిన్ వార్షిక వృత్తాంతంలో, రాజు చార్లెస్‌ను చంపడానికి అడవిలో పొంచి ఉన్నాడన్న ఆరోపణతో పాటు. కాబట్టి మీ పట్టీలో 841 గడిలో పేరు రాయకండి. 864 గడిలో రాయండి.