సూపర్‌హీరో వేషం కావాలంటున్న మా అమ్మలుకు

అమ్మలూ,

నువ్వు పంపిన జాబితా రెండుసార్లు చదివాను. తెలుగులో ఒక ఆడపిల్ల సూపర్‌హీరోగా సినిమా వస్తే ఏ పాత్రకు ఎవరు బాగుంటారో ఊహించి రాశావు. నాయకుడికి ముగ్గురి పేర్లు, గురువుకు ఇద్దరు పెద్ద నటులు, ఆకాశంలో ఎగిరే పిల్లకు మాత్రం నీ పేరొక్కటే! నవ్వొచ్చింది, నచ్చింది కూడా. అడగనిదే అమ్మయినా పెట్టదు, సినిమా వాళ్లు పెడతారా? మాదాపూర్ ఉద్యోగం మానేసి, వేషాల కోసం తిరిగేవాళ్లుండే కృష్ణానగర్‌లో గది తీసుకోనా అని కూడా అడిగావు. అది చివర్లో చెబుతాను, ముందు వేషం సంగతి.

ఇలాంటి సినిమాకు నటిని వెతికే దర్శకుడు ఎగిరే పిల్లను వెతకడు. ఎగరడం ఫైట్ మాస్టరూ గ్రాఫిక్స్ వాళ్లూ చూసుకుంటారు. ఆయనకు కావలసింది ఇంకా ఏ శక్తులూ రాని మొదటి అరగంటలోని పిల్ల. హాస్టల్లో నీళ్లు రాలేదని వార్డెన్‌తో గొడవపడే పిల్ల, జీతం ఆలస్యమైతే ఇంటికి అబద్ధం చెప్పే పిల్ల. ఆమెను జనం నమ్మితేనే ఆ తర్వాత మేడ మీంచి దూకినా నమ్ముతారు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ మొదట్లో తేజ సజ్జా చిల్లర దొంగతనాలు చేసే పల్లెటూరి కుర్రాడు. 2021లో మలయాళంలో వచ్చిన ‘మిన్నల్ మురళి’లో టొవినో థామస్ ఊళ్లో దర్జీ. అందుకని ఎర్ర శాలువా కప్పుకుని ఫ్యాను గాలికి జుట్టు ఎగరేస్తూ నువ్వు తీసిన వీడియో పక్కన పెట్టు. దాన్ని చూస్తే ఫ్యాను బాగా తిరుగుతోందని తప్ప నీ గురించి ఏమీ తెలియదు.

తేజ సజ్జా కూడా ఒక్క గెంతులో అక్కడికి చేరలేదు. 1998లో ‘చూడాలని ఉంది’లో చంటిపిల్లవాడు, 2021లో ‘జాంబీ రెడ్డి’తో హీరో, ఆ తర్వాతే ‘హను-మాన్’. నీకు అంతకన్నా పనికొచ్చేది కల్యాణి ప్రియదర్శన్ కథ. 2025లో ‘లోక’లో అతీత శక్తులున్న అమ్మాయిగా ఆమెను చూసి నువ్వు ఫోనులో ఊగిపోయావు గుర్తుందా? ఆ అమ్మాయి 2013లో ‘క్రిష్ 3’ అనే సూపర్‌హీరో సినిమాకే కళా విభాగంలో సహాయకురాలిగా పనిచేసింది. 2017లో మన తెలుగులోనే ‘హలో’తో కథానాయిక అయింది. సినిమా వాళ్లింట్లో పుట్టిన పిల్ల కదా అంటావు. నిజమే, తలుపు ఆమెకు తొందరగా తెరుచుకుంది. అయినా ఆ వేషం చేతికి రావడానికి అన్నేళ్లు పట్టింది. కొత్తవాళ్ల మీద అంత డబ్బు ఎవరూ పెట్టరు, చిన్న సినిమాల్లో మార్కెట్ తెచ్చుకున్న వాళ్ల మీద పెడతారు.

ఇప్పుడు నీకెవరూ చెప్పని సంగతి చెబుతాను. ఒక సినిమాలో నన్నూ దెయ్యాన్ని చేసి గాల్లో వేలాడదీశారులే. నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, రెండు పక్కలా తీగలు తగిలిస్తారు. అవతల మనుషులు తాడు లాగుతుంటారు. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ. రాక్షసుడు ఉండాల్సిన చోట కర్రకు గుచ్చిన టెన్నిస్ బంతి. పట్టీ పొట్టను నొక్కేసి ఊపిరి ఆడదు, మాట గొంతులోంచే వస్తుంది, అక్కడ రికార్డయిన ధ్వని దేనికీ పనికిరాదు. అదే ఆవేశాన్ని తర్వాత డబ్బింగ్ థియేటర్లో, చల్లటి గదిలో నిలబడి మళ్లీ తెచ్చుకోవాలి. పైగా ముసుగు వేశారంటే నుదురూ కనుబొమలూ పోయినట్టే. మిగిలేవి కళ్లు, పెదవులు, గొంతు. డబ్బింగ్ చెప్పి బతికినదాన్ని కాబట్టి గొంతునే పొగుడుతున్నాను అనుకో, కానీ కథానాయికలకు వేరేవాళ్లు గొంతు ఇచ్చే మన పరిశ్రమలో సొంత గొంతుతో తెలుగు స్పష్టంగా పలికే అమ్మాయికి ఉన్న విలువ నీకింకా తెలియదు. రోజూ నాలుగు అంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకముందే పేపర్లో ఒక వార్త పైకి చదువు. ఒత్తులు మింగకుండా చదవగలిగిన రోజున నాకు ఫోన్ చెయ్యి.

తాళ్ల మీద వేలాడుతూ పద్యం పాడేవాళ్లను చూడాలంటే లింగంపల్లి వెళ్లు. అక్కడ సురభి వాళ్ల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటకం వాళ్లది. ‘మాయాబజార్’ ఆడితే ఘటోత్కచుడు, మంటలు, మాయలు అన్నీ వేదిక మీదే, కంప్యూటర్ లేకుండా. ఆడవాళ్లు కూడా మొదటినుంచీ వేషాలు కట్టారు. ముందు వరుసలో కూర్చోకు, అనుమతి అడిగి తెర వెనక నిలబడి చూడు. సినిమా ఘటోత్కచుణ్ని కూడా ఒకసారి చూడు, 1957 నాటి ఎస్.వి. రంగారావును. ఆ నడక, ఆ గద మోసే భుజం, ఆ నవ్వు చూస్తే బలం ఎక్కడుంటుందో తెలుస్తుంది. నీ నడక ఇంకా ల్యాప్‌టాప్ సంచి మోస్తున్నట్టే ఉంది. కర్రసాము నేర్చుకో, వంగిన భుజాలు లేస్తాయి.

టామ్ హాలండ్ పేరు కూడా రాశావు కదా. స్పైడర్‌మ్యాన్ వేషానికి ముందు అతను లండన్ రంగస్థలం మీద డాన్సు చేసిన పిల్లవాడు. ఆడిషన్ వీడియోలో పల్టీ కొట్టి చూపించాడట. పల్టీ కొట్టడం వచ్చు కాబట్టి అతను కొట్టాడు, నువ్వు కొట్టకు.

నీ ఆడిషన్ వీడియోకు తెల్లగోడ చాలు. మేకప్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. పేరు, ఎత్తు, వచ్చిన భాషలు చెప్పి, కుడి ఎడమలకు తిరిగి, ఒక్క నిమిషం సన్నివేశం చెయ్యి. హిట్టయిన సినిమాలో డైలాగు చెప్పకు, చూసేవాడికి ఆ హీరోయినే గుర్తొస్తుంది. వార్డెన్‌తో నీ గొడవ నాకు చెప్పావే, అదే చెయ్యి.

వేషం ఇప్పిస్తానని డబ్బు అడిగినవాడు ఎవరైనా సరే మోసగాడే. పనిచేసినవాళ్లకు డబ్బు ఇవ్వడమే ఇక్కడి పద్ధతి. ఆడిషన్ అంటూ హోటల్ గదికి రమ్మంటే వెళ్లొద్దు. ఆఫీసుకైనా ఎవరినన్నా వెంటబెట్టుకుని వెళ్లు. నేనున్నాను.

ఇక ఉద్యోగం. ఇప్పుడు మానొద్దు. కృష్ణానగర్ టీ కొట్టు దగ్గర పొద్దున్నించీ నిలబడినంత మాత్రాన ఎవరూ నటులు కాలేదు. శని, ఆదివారాలు బంజారాహిల్స్‌లో నాటకాలు వేసే లామకాన్‌కు వెళ్లి చూడు, ఏదో ఒక బృందంలో చేరు, షార్ట్ ఫిల్మ్‌లు చెయ్యి. ఏడాది అద్దె, తిండి ఖర్చు బ్యాంకులో పడ్డాక, ఒకసారి పని ఇచ్చిన దర్శకుడే మళ్లీ పిలిచాక అప్పుడు మాను. మొదటి పిలుపు మొహం చూసి కూడా వస్తుంది, రెండోది పని చూసే వస్తుంది.

నీ జాబితాలో విలన్ పాత్రకు ఎవరి పేరూ రాయలేదు, గమనించావా? ‘మిన్నల్ మురళి’ చూసినవాళ్లు టొవినో ఎంత గుర్తో గురు సోమసుందరం అంత గుర్తు అంటారు. ఆయన చెన్నైలో కూత్తుపట్టరై నాటక బృందంలో ఎదిగినవాడు. ఆ ఖాళీలో నీ పేరు రాసుకుని, ఆ పిల్ల ఎందుకు చెడ్డదైందో రెండు పేజీలు రాసుకురా. వచ్చే ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు చేసి చూపించు. ఉద్యోగం గురించి మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకోవాలి, నన్ను మధ్యలో పెట్టకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ, యూసఫ్‌గూడ