పట్టాయా, పడ్డాయా?

సందేహం: ఒకటో తరగతి పిల్లలకు కొలతలు చెబుతున్నాను. 'ఏ పాత్ర సామర్థ్యం ఎక్కువ?' అంటే వాళ్ళకు అందడం లేదు. 'ఏది పెద్దది?' అంటే చాలదా? చెంబులో నీళ్ళు పోయించి, బోర్డు మీద 'ఐదు గ్లాసులు పడ్డాయి' అని రాస్తే తోటి టీచరు తప్పన్నారు. నిజమేనా?

సమాధానం: నిజమే. 'పడ్డాయి' అంటే గ్లాసులు కింద పడ్డాయని. పాత్రలో ఇమడడాన్ని చెప్పే క్రియ 'పట్టు'. చిక్కంతా 'పడతాయి' దగ్గరే వచ్చింది. పట్టు, పడు రెండూ అక్కడ ఒకే రూపంలో కలుస్తాయి. జరిగిపోయినదాన్ని చెప్పేటప్పుడు, కాదనేటప్పుడు మళ్ళీ విడిపోతాయి: పట్టాయి–పడ్డాయి, పట్టవు–పడవు. కాబట్టి పోయకముందు 'ఎన్ని గ్లాసులు పడతాయి?' అనండి, పోశాక 'ఎన్ని పట్టాయి?' అనండి. 'సామర్థ్యం' పై తరగతులకు వదిలేయండి.

'పెద్దది' మాత్రం వద్దు. అది పొడవుకూ, లావుకూ, ఆఖరికి వయసుకూ చెల్లే మాట. సన్నని సీసానూ వెడల్పాటి గిన్నెనూ పక్కపక్కన పెట్టి 'ఏది పెద్దది?' అంటే చాలామంది పిల్లలు ఎత్తు చూసి సీసా అంటారు. తప్పు జవాబులో లేదు, ప్రశ్నలో ఉంది. 'దేంట్లో ఎక్కువ నీళ్ళు పడతాయి?' అని అడిగి, రెండింటినీ ఒకే గ్లాసుతో నింపించండి. గ్లాసు ఒకసారి నిండుగా, ఒకసారి వెలితిగా పోస్తే లెక్క చెడుతుంది. బరువుకైతే దూది మూట, తూకపు రాయి చేతికివ్వండి. పెద్దది వేరు, బరువైనది వేరని చేతులే చెబుతాయి.

'పొడవు' కొలత పేరూ అవుతుంది, గుణమూ అవుతుంది. అరంగుళం పెన్సిల్ ముక్కకూ పొడవుంటుంది, కానీ అది పొడవు కాదు! పోలికకు 'దీనికంటే అది పొడవు' చాలు. 'ఎక్కువ పొడవైనది' అనే బరువు అనవసరం. ఎదురుమాట వస్తువును బట్టి మారుతుంది: మనిషి పొట్టి, చొక్కా కురచ, గోడకైతే 'ఎత్తు తక్కువ' అంటాం. తాళ్ళను పోల్చేటప్పుడు ఒక కొస కలిపి, లాగి పట్టించండి.

ఇంకొకటి. 'చెంబు నీళ్ళు' కన్నా 'చెంబెడు నీళ్ళు' కచ్చితమైన మాట. చెంబు నిండా అని చెబుతుంది. దోసెడు, గుప్పెడు, జానెడు, మూరెడు ఈ కోవలోవే. బల్లను ముందు మీ జానతో, తర్వాత పిల్లవాడి జానతో కొలిపించండి. వాడికి ఎక్కువ జానలు వస్తాయి. ఎందుకని వాడినే అడగండి.