ఆరంకెల రాండమ్ నంబర్‌ని స్లిప్పు నంబర్‌గా వాడొచ్చా?

మీరడిగింది ఇదీ: ధాన్యం మిల్లు కాటా సాఫ్ట్‌వేర్‌లో 1,00,000 నుంచి 9,99,999 లోపు ఒక రాండమ్ నంబర్ తీసి దాన్నే స్లిప్పు నంబర్‌గా వేస్తున్నారు. వంద స్లిప్పులు కొట్టి చూస్తే ఒక్కటీ రిపీట్ కాలేదు. తొమ్మిది లక్షల నంబర్లుండగా ఇక టెన్షన్ ఎందుకని.

టెన్షన్ పడాల్సిందేనండి. దాళ్వా ధాన్యం రావడం మొదలైతే సీజన్ దాటకముందే రిపీట్ తగులుతుంది.

మీరు స్లిప్పులెన్నో చూస్తున్నారు, చూడాల్సింది జతలెన్నో. కొత్త స్లిప్పు పాతవాటిలో ఏ ఒక్కదానితో కలిసినా గొడవే కదా. వంద స్లిప్పుల్లో జతలు 4,950. అందులో ఒక జతైనా కలిసే అవకాశం అర శాతం. మీ టెస్టులో ఏమీ కనబడకపోవడానికి కారణం అదే. వెయ్యి స్లిప్పులైతే జతలు 4,99,500, అవకాశం నూటికి 43. రెండు వేలకు 89. మూడు వేలకు 99 దాటేస్తుంది. 23 మంది ఉన్న గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి కాస్త ఎక్కువే అని కాలేజీలో చెబుతారే, ఆ లెక్కే ఇది.

తణుకు దగ్గర ఒక మిల్లులో ఎవరో రాసిన ఇలాంటి ప్రోగ్రామే బాగుచేయమని నన్ను పిలిచారు. లోడు లారీ కాటా ఎక్కగానే బరువు, స్లిప్పు నంబర్ పడతాయి. ధాన్యం దింపేసి ఖాళీగా మళ్లీ ఎక్కినప్పుడు గుమస్తా అదే నంబర్ కొడతాడు. రెండు బరువుల తేడా నికర బరువు. అక్కడ ఒక లారీకి పడిన నంబర్ అంతకుముందే ఓ ట్రాక్టర్‌కి పడి ఉంది. ప్రోగ్రామ్ ఆ నంబర్‌తో మొదట దొరికిన రికార్డును పట్టుకుని, లారీ ఖాళీ బరువు తీసుకెళ్లి ట్రాక్టర్ స్లిప్పులో రాసేసింది. ట్రాక్టర్ నికర బరువు మైనస్‌లోకి పోయింది. లారీకేమో ‘ఖాళీ కాటా పెండింగ్’ అని అలాగే ఉండిపోయింది. వెనక లారీలు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి, గుమస్తా ఏం చేస్తాడు? మొదటి స్లిప్పు మీదే పెన్నుతో ఖాళీ బరువు రాసిచ్చి పంపేశాడు. డబ్బుల కోసం వచ్చిన రైతు ‘ఇదిగోనండీ, రెండు బరువులూ ఉన్నాయి కదండీ’ అంటాడు, కంప్యూటర్ లేదంటుంది. ముందు అందరూ అనుమానించింది కాటానే. లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్) పోయిందని మెకానిక్‌ని కూడా రప్పించారట!

రాండమ్ ఫంక్షన్‌కి తాను ఇంతకుముందు ఏమిచ్చిందో గుర్తుండదు. ‘ఇది వాడేశాం’ అని చూసుకునే పని డేటాబేస్‌ది. ఒక్క ఊరు, ఒక్క సర్వర్ అయితే ఆటో ఇంక్రిమెంట్ (డేటాబేసే వరుసగా తర్వాతి నంబర్ ఇచ్చే పద్ధతి) చాలు, ఇంకేమీ ఆలోచించకండి. రాండమే కావాలంటే ఆ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే నంబర్ రెండోసారి ఎక్కనివ్వని నిబంధన) పెట్టి, ఎర్రర్ వస్తే ఇంకో నంబర్ తీసి మళ్లీ ఇన్సర్ట్ చేయండి. కన్‌స్ట్రెయింట్ లేకుండా ముందు సెలెక్ట్ కొట్టి (ఆ నంబర్ ఉందేమో వెతికి), లేదని తేలాక ఇన్సర్ట్ చేస్తే సరిపోదు. రెండు కౌంటర్లు ఒకే క్షణంలో చూస్తే రెండింటికీ ‘లేదు’ అనే వస్తుంది.

‘మరి యూయూఐడీ కూడా రాండమే కదా’ అంటారేమో. యూయూఐడీ అంటే ఎక్కడ తయారైనా ఇంకోదానితో కలవకుండా ఉండేలా చేసే పొడుగాటి ఐడీ. వెర్షన్ 4 రాండమే. కానీ అందులో 122 రాండమ్ బిట్లుంటాయి, మీ ఆరంకెల్లో ఇరవై కూడా లేవు. నెట్ లేనప్పుడు కూడా వేర్వేరు చోట్ల స్లిప్పులు పుట్టాలంటే అదే వాడండి. కొత్తగా మొదలుపెడితే వెర్షన్ 7 ఇంకా నయం (2024లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9562 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంలో ఉంది). ముందు 48 బిట్లలో టైమ్ ఉంటుంది కాబట్టి ఇండెక్స్ (డేటాబేస్ వెతకడానికి వాడే జాబితా) చక్కగా వరుసలో పెరుగుతుంది. పొడుగ్గా ఉందని మొదటి ఎనిమిది అక్షరాలే ఉంచుకునేవాళ్లని చూశాను. వెర్షన్ 4ని అలా కత్తిరిస్తే మిగిలేది 32 బిట్లు, 77 వేల స్లిప్పులకే అవకాశం సగానికి చేరుతుంది.

సీడ్ (రాండమ్ నంబర్ల వరుస దేనినుంచి మొదలవుతుందో ఆ విలువ) సంగతి కూడా చూసుకోండి. సెకన్లలో టైమ్‌ని సీడ్‌గా ఇస్తే, కరెంటు పోయి వచ్చాక రెండు కాటాల కంప్యూటర్లలో ప్రోగ్రామ్ ఒకే సెకనులో మొదలైందంటే రెండూ ఒకే నంబర్ల వరుస ఇస్తాయి.

రాండమ్ నిజంగా అవసరమయ్యేది వేరే చోట. స్లిప్పు లింకు రైతుకి వాట్సాప్‌లో పంపితే, చివర 501ని 502 చేసి పక్కవాడి స్లిప్పు చూసేయకూడదు. దానికి వేరే కాలమ్ పెట్టి, మామూలు రాండమ్ కాకుండా క్రిప్టో లైబ్రరీ ఇచ్చే, ఎవరూ ఊహించలేని టోకెన్ వాడండి. జీఎస్టీ ఇన్‌వాయిస్ కూడా ఇందులోంచే తీస్తుంటే అక్కడ రాండమ్ మాటే వద్దు. వరుస నంబర్ ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు.

పాత డేటాలో ఇప్పటికే డూప్లికేట్లుంటే యూనిక్ కన్‌స్ట్రెయింట్ పడనే పడదు. ముందు స్లిప్పు నంబర్ మీద గ్రూప్ బై కొట్టి, కౌంట్ ఒకటికి మించినవి తీయండి. వాటిని కోడ్‌తో సరిచేయబోకండి. గుమస్తాని పక్కన కూర్చోబెట్టుకుని, బండి నంబర్, తేదీ, కాగితం స్లిప్పు చూసుకుంటూ ఒక్కొక్కటీ విడదీయాలి.