ఫ్లెక్సీ డబ్బుతో పిల్లల ప్రాణాలు: ఒక అభిమాన సంఘం అనుభవం

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మాది ఒక హీరో అభిమాన సంఘం. ఈసారి పుట్టినరోజుకు కటౌట్లు, గజమాలలు మానేసి, ఆ డబ్బుతో విద్యార్థుల ఆత్మహత్యల నివారణకు ఏదైనా చేయాలనుకుంటున్నాం. చందాలు ఎలా వసూలు చేయాలి, ఎవరికి ఇవ్వాలి?"

చందాలు వసూలు చేయడం మీకు ఒకరు నేర్పాలా? బెనిఫిట్ షో ముందు రాత్రి క్రేనుకూ గజమాలకూ డబ్బు పోగుచేసే మనవాళ్లకు అది చిటికెలో పని. చిరంజీవి 1998లో రక్తనిధి, నేత్రనిధి పెట్టినప్పటి నుంచి అభిమానులతో మంచి పని చేయించవచ్చని తెలుగునాట అందరికీ తెలుసు. చిక్కల్లా డబ్బు చేతికొచ్చాక మొదలవుతుంది. రక్తదానమైతే ఎన్ని యూనిట్లు ఇచ్చామో చెప్పుకోవచ్చు. ఇక్కడ చావు ఆలోచన మానుకుని ఇంటికి వెళ్లిపోయిన పిల్లవాడు ఏ లెక్కలోకీ రాడు. ఫొటో లేని పనికి మన సంఘాలు అలవాటు పడలేదు.

నేను విజయవాడ గాంధీనగర్ థియేటర్ల మధ్య పెరిగినవాణ్ణి. మా సంఘం ఈ పని చేపట్టి కొన్నేళ్లయింది. అన్నిటికంటే ముందు ఫ్లెక్సీ సంగతి చెబుతాను.

మా పేటలో ఇంటర్ చదివే కుర్రాడు చనిపోతే మావాళ్లు మొదట పరుగెత్తింది ఫ్లెక్సీ దుకాణానికే. ఒక పక్క చేతులు జోడించిన హీరో, మధ్యలో నవ్వుతున్న కుర్రాడు, చుట్టూ పూరేకులు, అడుగున వరుసగా సంఘం నాయకుల తలలు. కంప్యూటర్ మీద డిజైన్ అయిపోయింది, అచ్చుకు వెళ్లడమే తరువాయి. మాతో పనిచేస్తున్న మానసిక వైద్యురాలు అడ్డుపడ్డారు. అదే కూడలి మీదుగా రోజూ కాలేజీకి వెళ్లే పిల్లల్లో అదే మార్కులు, అదే దిగులు ఉన్నవాళ్లు ఉంటారు. బతికుండగా ఎవరూ పట్టించుకోని వాడికి చచ్చాక హీరో పక్కన చోటు దక్కిందని వాళ్లకు కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలకు ఇచ్చిన సూచనలూ ఇవే: చావును గొప్ప చేయవద్దు, ఎలా చనిపోయారో రాయవద్దు, ఒక్క కారణానికి కట్టేయవద్దు. కాబట్టి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వద్దు, కొవ్వొత్తుల ఊరేగింపు వీడియోకు విషాద గీతం తగిలించడం వద్దు, "ఫెయిలైనందుకే" అనే మాట అసలే వద్దు. ఆ కుటుంబానికి ఏదైనా చేయాలనుకుంటే పదకొండో రోజు దాటి, చుట్టాలంతా వెళ్లిపోయాక వెళ్లండి. అప్పుడే ఇంట్లో మనిషి తోడు కావాలి.

ఇక డబ్బు. సొంతంగా హెల్ప్‌లైన్ పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దనండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. శిక్షణ లేని మనవాళ్లు అర్ధరాత్రి ఫోను ఎత్తడం కంటే ఆ నంబరును ప్రతి హాస్టల్ గోడ మీదికి చేర్చడం మేలు. పుట్టినరోజు షోలో విశ్రాంతి సమయంలో స్లైడు వేయమని మేము థియేటర్ వాళ్లను అడిగితే డబ్బు తీసుకోకుండా వేశారు. 14416 తెర మీదకు రాగానే మావాళ్లు హీరో పేరు పడినట్టే ఈలలు వేసి కాగితాలు ఎగరేశారు. మొదట నాకు ఇబ్బందిగా అనిపించింది కానీ, హాలు దాటేటప్పటికి ఆ నంబరు అందరి నోటా ఉంది!

మేము ఎక్కువ ఖర్చు పెట్టింది శిక్షణ మీద. క్లినికల్ సైకాలజిస్టును పిలిపించి, పేటకు ఇద్దరు ముగ్గురు చొప్పున మా కుర్రాళ్లనే కూర్చోబెట్టాం. ఏ ఇంటి పిల్లాడు ఈ మధ్య క్రికెట్‌కు రావడం లేదో, ఎవడు ఇష్టమైన బండిని ఊరికే ఇచ్చేశాడో ముందు తెలిసేది వాళ్లకే. ఆ సైకాలజిస్టు మా కుర్రాళ్లను ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగమన్నారు. అరవై అడుగుల కటౌట్ మీదికి తాడు పట్టుకుని ఎక్కి పాలు పోసే కుర్రాడు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి నేల చూపులు చూశాడు. "ఏమీ లేదు కదరా?" అని అడిగాడు. అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారని ఆవిడ మళ్లీ మళ్లీ అడిగించారు. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునన్నవాణ్ణి ఒంటరిగా వదలకూడదు, ఇంట్లోవాళ్లకు చెప్పాలి, అక్కడి నుంచి వైద్యుడి దగ్గరికి వెంట వెళ్లాలి. గుంటూరులో మీకు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రాణం మీదకు వచ్చిన పరిస్థితి అయితే 108.

ఆసుపత్రిలో ఓపీ ఉచితమే, కానీ కొడుకును తీసుకెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. ఆ కూలి డబ్బు, ఆటో ఖర్చు మేమే ఇస్తాం. చందా ఇంతకంటే బాగా ఖర్చయ్యే చోటు నాకు కనిపించలేదు.

వసూళ్ల విషయంలో నేను కఠినంగా ఉంటాను. అధ్యక్షుడి సొంత ఫోను నంబరుకు డబ్బు రానివ్వకండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘాన్ని నమోదు చేయించి, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవండి. అంత ఓపిక లేకపోతే, నమ్మకమైన సంస్థ ఖాతాకే దాతలు నేరుగా పంపేలా చూసి, రసీదులు మాత్రం మీరు సేకరించండి. డాలస్‌లో, న్యూజెర్సీలో మన హీరో అభిమానులు ఉత్సాహంగా ఉంటారు. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే పేచీ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళమే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని ముట్టకూడదు.

అమెరికాలో జారెడ్ పడలెకీ అనే టీవీ నటుడు 2015లో తన కుంగుబాటు గురించి తానే చెప్పుకుని, అభిమానులకు టీషర్టులు అమ్మి ఇలాంటి పనికే డబ్బు సేకరించాడు. మన హీరోల్లో ఒక్కరు అలా నోరు విప్పితే గోడల మీద మేము అంటించే 14416 స్టిక్కర్ల అవసరమే ఉండదేమో. అంతదాకా మనం ఆగలేం కదా.

పుట్టినరోజు ఎప్పుడొచ్చినా డబ్బులో సగం ఏప్రిల్‌కు దాచండి. 2024లోనూ 2025లోనూ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12నే వచ్చాయి. ఆ వారమంతా మా కుర్రాళ్లు తప్పినవాళ్ల ఇళ్లకు సప్లిమెంటరీ ఫీజు గడువు రాసిన కాగితంతో వెళ్తారు. పరామర్శకు కాదు, పని మీద వచ్చినట్టు వెళ్లాలి.

ఒక హెచ్చరిక. మీరు మంచి పేరు తెచ్చుకున్నాక ఏదో ఒక కార్పొరేట్ కాలేజీ వచ్చి, తమ హాస్టల్లో కౌన్సెలర్‌ను మీ ఖర్చుతో పెట్టమంటుంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కౌన్సెలర్‌ను తానే నియమించుకోవాలి. ఆ ఉత్తర్వు కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి, అడిగినవాళ్ల చేతిలో పెట్టి పంపండి.