బెల్టు జారిపోతుంటే గట్టి స్ప్రింగ్ వేయాలా?

సందేహం: ఇంట్లోనే చిన్న బెల్ట్ శాండర్ (గరుకు బెల్టు తిరుగుతూ చెక్కను నునుపు చేసే యంత్రం) తయారు చేసుకుంటున్నాను. బెల్టును లాగి పట్టే రోలర్‌కి పాత సామాన్లలో దొరికిన పొట్టి స్ప్రింగ్ తగిలించాను. మొదట బాగానే బిగిసింది కానీ, కాసేపు నడిచాక బెల్టు జారుతోంది. ఇంకా గట్టిది కొనాలా? సైజు ఎలా చెప్పాలి, ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: గట్టిది వద్దండి. మీకు కావాల్సింది పొడవైన, మెత్తటి స్ప్రింగ్. బెల్టు నడుస్తున్నకొద్దీ కొంచెం సాగుతుంది, రోలర్ ఆ మేరకు జరుగుతుంది. 5 మి.మీ. సాగితే 5 కిలోల బలం ఇచ్చే స్ప్రింగ్ వేశారనుకోండి. రోలర్ 4 మి.మీ. జరిగిందంటే స్ప్రింగ్ ఆ మేరకు ముడుచుకుంటుంది, మిగిలేది ఒక్క కిలోనే. అదే 5 కిలోలను 40 మి.మీ. సాగి ఇచ్చే స్ప్రింగ్ అయితే ఇంకా నాలుగున్నర కిలోలు ఉంటుంది. బెల్టు జారదు. చుట్లలో ముందే ఉండే బిగువును ఈ లెక్కలో పక్కన పెట్టాను. ఆ సంగతి కిందే ఉంది.

కొనేముందు ఎంత బలం కావాలో కొలవండి. లగేజీ తూచే డిజిటల్ త్రాసును స్ప్రింగ్ తగిలించే చోటే కట్టి, బెల్టు జారకుండా నడిచేదాకా లాగి చూడండి. లాగేటప్పుడు మోటారు ఆపే ఉంచాలి, బిగించాకే నడిపి చూడాలి. రోలర్ దగ్గర కొలిస్తే లాభం లేదు, స్ప్రింగ్‌కూ రోలర్‌కూ మధ్యలో లీవర్ ఉంటే అంకె మారిపోతుంది.

చేతిలో ఉన్న స్ప్రింగ్‌నూ ఇదే త్రాసుతో పరీక్షించవచ్చు. 10 మి.మీ. సాగితే 1 కిలో, 30 మి.మీ. సాగితే 2 కిలోలు చూపిందనుకుందాం. అంటే ప్రతి 20 మి.మీ.కి ఒక కిలో. ఆ లెక్కన మొదటి 10 మి.మీ.కి అర కిలోనే రావాలి. మిగతా అర కిలో, చుట్లు ఒకదానికొకటి అదుముకుని ఉండే బిగువు. అది దాటేదాకా స్ప్రింగ్ అసలు తెరుచుకోదు.

సైజు చెప్పేటప్పుడు తీగ మందాన్ని వెర్నియర్‌తోనే (సన్నటి కొలతలు తీసే పరికరం) కొలవండి. మిగతా కొలతలన్నీ అవే ఉండి, తీగ పది శాతం లావైతే చాలు, స్ప్రింగ్ దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిపడుతుంది. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. బయటి వ్యాసం, లాగకముందు పొడవు, పని చేసేటప్పుడు పొడవు, అప్పుడు కావాల్సిన బలం కూడా రాసుకోండి. ఈ వివరాలు ఇస్తే స్ప్రింగ్‌లు చుట్టే వర్క్‌షాప్‌లో చేయించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే, గరిష్ఠంగా ఎంత సాగవచ్చో రాసి ఉన్నవాటినే తీసుకోండి. ఆ హద్దు దాటితే స్ప్రింగ్ మళ్లీ మామూలు పొడవుకు రాదు. పొడవు ఎక్కువైందని చుట్లు కత్తిరించకండి, సగం చుట్లు పోతే రెట్టింపు గట్టిదవుతుంది.

పాత సామాన్లలోదే వాడతానంటే కొక్కేలను భూతద్దంతో చూడండి. ఈ రకం స్ప్రింగ్‌లు ఎక్కువగా విరిగేది కొక్కెం వంపు దగ్గరే. సన్నటి గీత కనిపించినా, తుప్పు గుంటలున్నా పక్కన పడేయండి. మంచిదే వేసినా, స్ప్రింగ్ లోపలి నుంచి ఒక స్టీలు వైరును వదులుగా పోనిచ్చి రెండు వైపులా ఫ్రేముకు, లీవర్‌కు కట్టండి. తెగిన ముక్క ముఖం మీదికి ఎగరకుండా అదే ఆపుతుంది.